రెండో స్పీడు

ఆ రోజు ఇంట్లో ఉన్నవాళ్ళు: అమ్మ, నానమ్మ, అన్నయ్య, అన్నయ్య బ్యాండులో డ్రమ్స్ వాయించే టైరు, లావు తీగల గిటారు వాయించే లిఫ్టు, నాలుగింటికి వస్తానని సరిగ్గా నాలుగింటికే వచ్చిన ఒక పెద్దమనిషి, నేను. నాన్న డ్యూటీకి వెళ్ళాడు. ఇంట్లో ఉన్నా లెక్కలోకి రాడు, బ్యాండు మాటెత్తితే చాలు, పేపరు అడ్డం పెట్టుకుంటాడు. టైరు టైర్ల షాపులో పనిచేస్తాడు, లిఫ్టు లిఫ్టులు బాగుచేస్తాడు. అన్నయ్య జిరాక్సు షాపులో కూర్చుని రోజంతా ఎవరెవరి కాయితాలకో నకళ్ళు తీస్తాడు కానీ అతన్ని ఎవరూ జిరాక్సు అనరు, ఎందుకంటే అందరికీ పేర్లు పెట్టేది అతనే. నాకు పెట్టిన పేరు మ్యూట్. ఏ మిషన్ మీద చూసినా ఆ బటన్ ఉంటుందిట, నొక్కితే శబ్దం రాదుట. వచ్చిన పెద్దమనిషికి మాత్రం నేనే పేరు పెట్టాను, చెవులాయన అని, మనసులోనే.

నేను వెనక గది తలుపు బయట ట్రే పట్టుకుని నిలబడి ఉన్నాను. నాలుగు కప్పులు, బిస్కెట్లు. శబ్దం ఆగగానే లోపలికి వెళ్ళమంది అమ్మ. శబ్దం ఆగడం లేదు. టీ మీద మీగడ కట్టి, ముడతలు పడి, నానమ్మ చేతి మీది చర్మంలా అయింది. ఈ సంగీతానికి ఒక పేరుంది, టెక్నికల్ మెటల్ అట, అన్నయ్య ఆ మాట కళ్ళు సగం మూసి అంటాడు. నాకైతే కుట్టుమిషన్‌కి జ్వరం వచ్చి పలవరిస్తున్నట్టు ఉంటుంది. మామూలు పాట నాలుగు దాకా లెక్కపెట్టుకుని బుద్ధిగా ఒకటికి తిరిగొస్తుంది. వీళ్ళ పాట ఏడు దాకా పోతుంది, మళ్ళీ ఏడు, ఆ తర్వాత ఎవరో తరుముతున్నట్టు పదమూడు. అందులో ఏడుపు లేదు, సంతోషం లేదు, ఒక్క లెక్క ఉంది. లెక్కలే కావాలనుకుంటే ఎక్కాలు చదువుకోవచ్చు కదా, ఇంత కరెంటెందుకు. నానమ్మకి చెవులు సరిగ్గా వినపడవు, వినపడే కొంచెంలో కూడా ఇది పిండిమర అనుకుంటుంది. పల్లెలో మా ఇంటి పక్కన మర ఉండేది. వీళ్ళు మొదలెట్టగానే ముందుగదిలోంచి, "మర వేశార్రా, గోధుమలు పంపించండి" అని కేక వేస్తుంది. తొమ్మిదేళ్ళలో ఈ బ్యాండు మీద వచ్చిన విమర్శల్లో అంతకన్నా సరైనది లేదు.

తొమ్మిదేళ్ళు. రెండు రికార్డులు. మొదటిది మంచం కింద అట్టపెట్టెల్లో ఉంది, అమ్మ వాటి మీద ఉల్లిపాయలు ఆరబెడుతుంది. రెండోదాన్ని రెండు వందల ముప్పై సార్లు విన్నారని కంప్యూటరులో ఒక అంకె చూపిస్తుంది, అందులో నూట యాభై సార్లు విన్నది అన్నయ్యే, నాకు తెలుసు, గోడ ఇవతల ఉన్నది నేనే కదా. ఎవరో ముక్కూ మొహం తెలియనివాడు ఆ రికార్డు కింద 'వీళ్ళు మనుషులా, యంత్రాలా?' అని రాశాడు. వాడు తిట్టాడో పొగిడాడో ఇప్పటికీ తేలలేదు. అన్నయ్య మాత్రం దాన్ని షాపులో పెద్దక్షరాల్లో ప్రింటు తీసి ఈ తలుపుకే అంటించాడు. నా ముక్కుకి ఎదురుగా అదే ఉంది. మనుషులా, యంత్రాలా. ఈ తలుపుకి లోపలివైపు శబ్దం బయటికి రాకుండా పాత పరుపు కొట్టారు, గోడల నిండా గుడ్ల అట్టలు అతికించారు. మొదటిసారి చూసి నానమ్మ, "ఇన్ని గుడ్లు తిన్నదెవర్రా?" అంది. ఎవరూ నవ్వలేదు. నేను గొంతులోనే మింగేశాను.

మింగడం నాకు అలవాటు. నేను ఎక్కువ మాట్లాడను. మాట్లాడాల్సిన చోట మాట రాదు, రాకూడని చోట నవ్వు వస్తుంది. పల్లెలో తొమ్మిదో తరగతిలో ఇన్‌స్పెక్షన్‌కి వచ్చినాయన నీటిచక్రం గురించి చెబుతూ చెబుతూ వెనక్కి నడిచి చెత్తబుట్టలో కాలు పెట్టాడు. కాలు రాలేదు. బుట్టతోనే బోర్డు మీది మేఘాల దగ్గరకు వెళ్ళాడు. క్లాసు క్లాసంతా ఊపిరి బిగబట్టుకుంది, నేను బిగబట్టలేకపోయాను. నా నవ్వు మామూలు నవ్వు కాదు, ముందు మూడు మెట్లు పైకెక్కుతుంది, అక్కడ ఊపిరి తెగుతుంది, తర్వాత రెండు మెట్లు దూకుతుంది. గుడ్డు పెట్టిన కోడి ఊరంతా చాటినట్టుంటుందని అమ్మ అంటుంది. నన్ను బయటికి పంపి తలుపు వేశారు. ఆ రోజు నుంచి వచ్చేదాన్ని వచ్చినట్టు మింగి, రాత్రి డైరీలో ఉమ్మేస్తాను. అందుకే నా డైరీ చదివితే మనుషుల మీద నాకింత చులకన ఉందా అనిపిస్తుంది. ఉంది. ఎందుకు ఉండకూడదు? ఉదాహరణకి లోపల ఇప్పుడు కళ్ళు మూసుకుని తల ఊపుతున్న ఆ లిఫ్టుని చూడండి, తలుపు ఓరగా ఉంది కాబట్టి ఒక కన్నుకి కనిపిస్తున్నాడు, ఎవరైనా తనను చూస్తున్నారేమోనని ఒక కన్ను తెరిచి చూసి, చూడటం లేదని తెలిసి మళ్ళీ మూస్తాడు. తొమ్మిదేళ్ళుగా అతను ఖాళీ గదిలో అదే చేస్తున్నాడు.

చెవులాయన ఒక పెద్ద బ్యాండుకి ఊరూరా తిరిగి శబ్దం సరిచేసే మనిషి. పొట్ట, అరిగిన చెప్పులు, చెవి వెనక పెన్సిలు. వాళ్ళు వేదిక ఎక్కేముందు అరగంట వాయించడానికి ఒక చిన్న బ్యాండు కావాలిట, పన్నెండు ఊళ్ళు, నలభై రోజులు. ఎవరెవరో పంపిన రికార్డులన్నీ వింటూ వింటూ వీళ్ళ రెండో రికార్డులో మూడో పాట దగ్గర ఆగాడట. "రికార్డులో అందరూ వాయిస్తారు బాబూ, గదిలో వింటాను" అని ఫోన్‌లో అన్నాడట. ఆ ఫోన్ వచ్చిన రోజు టైరు షాపు నుంచి నల్లచేతులతోనే పరుగెత్తుకొచ్చి అన్నయ్యను ఎత్తి తిప్పాడు, చొక్కా మీద పది వేళ్ళ ముద్రలు పడ్డాయి. అన్నయ్య ఎత్తినంతసేపూ నవ్వాడు. దించాక నవ్వలేదు. ఎందుకు నవ్వలేదో ఈ ఇంట్లో నాకొక్కదానికే తెలుసు. మూడో పాట వాయించడం అన్నయ్యకు రాదు.

గది మూలలో ఇనప్పెట్టె అంత టేపు మిషన్ ఉంది. మూసేసిన ఏదో భవనంలో లిఫ్టు గది శుభ్రం చేస్తుంటే దొరికిందని లిఫ్టే మోసుకొచ్చాడు. దానికి ఒక లివరు, రెండు స్పీడులు. లివరు కిందికి ఉంటే టేపు నెమ్మదిగా తిరుగుతుంది, పైకి నెడితే దానికి రెట్టింపు. నెమ్మదిగా తిరిగేటప్పుడు వాయించి, పైకి నెట్టి వింటే ఎద్దుబండి రైలవుతుంది. శబ్దం కూడా సన్నబడి పైకి పోతుంది, అది తెలియకుండా ఉండాలని అన్నయ్య లావు తీగల మీద కింది స్వరాల్లో వాయించాడు. ఇదంతా నాకెవరూ చెప్పలేదు. పోయిన ఎండాకాలం, నానమ్మనీ నన్నూ పల్లె నుంచి తీసుకొచ్చిన నెలకి, అన్నయ్య షాపు నుంచి భోజనానికి వచ్చే మధ్యాహ్నాలు నేను గోడకి ఆనుకుని పడుకుంటే ఆ పాట గోడలోంచి వచ్చేది, ఏడు, ఏడు, పదమూడు, కానీ మెల్లగా, ఎంత మెల్లగా అంటే ఒక్కో స్వరం వచ్చి కూర్చుని, చెప్పులు వెతుక్కుని, లేచి వెళ్ళేది. మూడు వారాలు. నేను డైరీలో గీతలూ చుక్కలూ పెట్టుకున్నాను, పొడుగు స్వరానికి గీత, పొట్టిదానికి చుక్క. కొత్త ఊరు, కొత్త గది, ఎవరితోనూ మాట లేదు, ఆ మూడు వారాలు మధ్యాహ్నం ఎప్పుడవుతుందా అని చూసేదాన్ని. అది ఎలా ఉండేదో మాత్రం రాసుకోలేదు. రాస్తే రేపు ఇతన్ని తిట్టడానికి నాకు నోరుండదు.

ఆ మూడు వారాల చివరి రోజున అన్నయ్య నీళ్ళు తాగి వచ్చి తలుపు సరిగ్గా వెయ్యలేదు. నేను ఇక్కడే, ఈ పలకరాతి మీదే నిలబడి చూశాను. ముప్పైకి దగ్గరపడ్డ మనిషి, పెద్ద గిటారు ఒళ్ళో పెట్టుకుని, నాలుక బయటపెట్టి, పెదవులతో పదకొండు, పన్నెండు, పదమూడు అని లెక్కపెట్టుకుంటూ, చిన్నప్పుడు బూట్ల తాడు కట్టుకునేటప్పుడు ఎలా ఉండేవాడని అమ్మ చెబుతుందో అచ్చం అలా. నవ్వొచ్చింది. మూడు మెట్లు, ఊపిరి, రెండు మెట్లు. మైకు తలుపు దగ్గరే ఉంది. అన్నయ్య ఆపలేదు, వాయించేశాడు, అంత శుభ్రంగా అంతకుముందు నలభై సార్లలో ఒక్కసారి కూడా రాలేదు, ఆ తర్వాత రాలేదు, వేలు చీలిపోయింది. కాబట్టి నా నవ్వు టేపులో ఉండిపోయింది. మర్నాడు నా గది గుమ్మంలో నిలబడి "నువ్వేనా?" అన్నాడు. కాదని తల ఊపాను. "ఎవరికైనా చెప్పావో..." అన్నాడు, మిగతాది చెప్పలేదు. నేనెవరికి చెబుతాను? నేను మ్యూట్ కదా.

ఇందులో అందరికన్నా వెధవైంది ఎవరంటే టైరు. రైలు వేగంతో ఉన్న ఆ టేపు అన్నయ్య అతని చేతిలో పెట్టి, "నాది వచ్చేసిందిరా, నువ్వూ లిఫ్టూ అందుకోండి" అన్నాడు. టైరు నమ్మాడు. ఆరు నెలలు షాపులో టైర్ల మీద కర్రలతో కొట్టాడు, మధ్యాహ్నం భోజనం మానేసి కొట్టాడు, రెండు అరచేతులూ పగిలి గుడ్డలు చుట్టుకుని కొట్టాడు, చివరికి ఏ మనిషీ అందుకోవాల్సిన పని లేని వేగాన్ని అందుకున్నాడు. నిజంగా. లివరు లేకుండా. ఈ ఇంట్లో ఎవరైనా యంత్రమయ్యారంటే అతనొక్కడే, అదీ ఒక అబద్ధంతో పోటీపడి. అన్నయ్య రిహార్సల్లో మూడో పాట వచ్చేసరికి గిటారు కింద పెట్టి టేపు వేస్తాడు, "నా చెయ్యి వేదిక కోసం దాచుకుంటున్నా" అంటాడు. లివరు మీద లిఫ్టుల్లో అంటించే ఎర్ర స్టిక్కరు ఒకటి అడిగి తీసుకుని అంటించాడు, 'తాకరాదు' అని. చెడిపోయిందని, కదిపితే మిషన్ మొత్తం పోతుందని చెప్పాడు. లిఫ్టులు బాగుచేసే మనిషి దాన్ని కూడా నమ్మాడు. ఈ పొద్దున అద్దం ముందు అన్నయ్య బాగున్న వేలికి ప్లాస్టరు చుట్టుకుంటుంటే చూశాను. రెండు చుట్లు చుట్టి, చాలదనుకుని మూడోది చుట్టాడు. ఆడలేక మద్దెల ఓడన్నారు పెద్దలు. మద్దెల మీద తోలు బాగుంటే వేలి మీద తోలు ఓడు.

శబ్దం ఆగింది. ఇంత హఠాత్తుగా ఆగుతుందని అనుకోలేదు, ఇంకా తలుపు మీది కాయితమే చూస్తున్నాను. అమ్మ వంటగదిలోంచి చేత్తో తోసినట్టు కళ్ళతో తోసింది. పొద్దుటి నుంచి అమ్మ ఎవరికీ చెప్పకుండా రెండుసార్లు ఇల్లు తుడిచింది, కొత్త కప్పులు కొంది, వాడికి ఈసారైనా, అని ఒక్కమాట అని మళ్ళీ అనలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు. మోచేత్తో తలుపు నెట్టి లోపలికి వెళ్ళాను. చెమట, కాలిన తీగల వాసన. టైరు తువ్వాలుతో మెడ తుడుచుకుంటున్నాడు. నన్ను చూసి, "ఇటివ్వు చెల్లెమ్మా, గొంతు ఎండిపోయింది" అన్నాడు. ఈ గదిలో నన్ను మ్యూట్ అనని మనిషి అతనొక్కడే. నేను ముందు చెవులాయన దగ్గరకు వెళ్ళాను. ఆయన కప్పు తీసుకుని నా మొహంలోకి చూసి, "ఈ పాటలు నువ్వూ వింటావా అమ్మా?" అన్నాడు. తల అడ్డంగా ఊపాను. "మంచిదానివి" అన్నాడు, లిఫ్టు నవ్వాడు, అన్నయ్య నవ్వలేదు.

"బాగుంది బాబూ. డ్రమ్స్ అబ్బాయి బంగారం. ఇక ఆ మూడో పాట కానివ్వండి, నేను వచ్చింది దానికే."

అన్నయ్య ప్లాస్టరు చూపించాడు. "సారీ సార్, నిన్న తీగ తెగి కోసుకుంది. పదిరోజుల్లో తగ్గిపోతుంది. బయలుదేరేది నెల తర్వాత కదా."

"నిన్నా?" అన్నాడు టైరు. "నిన్న మనం కలిశాం కదరా, ఏం లేదే."

"నువ్వెళ్ళాక."

చెవులాయన వేలినీ ప్లాస్టరునీ చాలాసేపు చూశాడు, డాక్టర్లు చూసినట్టు కాదు, కూరగాయలు కొనేవాళ్ళు చూసినట్టు. సరేలే అన్నాడు. బిస్కెట్ టీలో ముంచాడు. అన్నయ్య భుజాలు రెండు అంగుళాలు దిగాయి. అయిపోయింది, గట్టెక్కాడు, అనుకున్నాను. అబద్ధాలు ఇంత సులువుగా గట్టెక్కుతుంటే టైరు అరచేతులకి ఏం పేరు పెట్టాలి? అదే సమయంలో ఇంకో ఆలోచన, పన్నెండు ఊళ్ళు, నలభై రోజులు, అమ్మ కొత్త కప్పులు, టైరు కూడా వెళ్తాడు కదా, వెళ్ళనీ. నోరు మూసుకో. నీకు తెలిసింది అదొక్కటేగా.

"పోనీ ఒకటి చెప్పు" అన్నాడు చెవులాయన. "ఆ పాటలో రెండో నిమిషం దాటాక ఒక శబ్దం వస్తుంది. పిట్ట కూసినట్టు. సన్నగా, ఇలా ఎక్కి, తెగి, ఇలా దూకుతుంది. అది ఏ మెషీన్‌తో చేశారు? ముప్పై ఏళ్ళుగా ఇదే పని నాది, అలాంటిది ఎక్కడా వినలేదు. నిజం చెప్పాలంటే ఆ పాట మొత్తంలో ప్రాణమున్న ముక్క అదొక్కటే."

గోడల మీద గుడ్ల అట్టలన్నీ నా వైపు తిరిగినట్టు అనిపించింది. తొమ్మిదేళ్ళు, రెండు రికార్డులు, ఏడు, ఏడు, పదమూడు, వీటన్నిటిలో ఒక మనిషి ఇంటిదాకా నడిచి వచ్చింది నా నవ్వు కోసమా? అదీ వీళ్ళని చూసి నవ్విన నవ్వు కోసం? టైరు గర్వంగా, "అది మావాడి బుర్ర సార్" అన్నాడు. అన్నయ్య, "మేమే తయారుచేశాం సార్. పాత లిఫ్టు బోర్డులోంచి" అన్నాడు. లిఫ్టు, "ఏ బోర్డురా?" అన్నాడు. "అదేరా, నువ్వు తెచ్చింది." "నేనా?" "పిట్ట కొంచెం కూత ఘనం అని నువ్వే అన్నావు కూడా." లిఫ్టు ఆలోచనలో పడ్డాడు, తను చేయని పనిని కూడా గుర్తుచేసుకోవడానికి మనస్ఫూర్తిగా ప్రయత్నించే రకం అతను.

"ఒక్కసారి వినిపించండి దాన్ని" అన్నాడు చెవులాయన.

"రిపేరుకి ఇచ్చాం సార్."

"ఎప్పుడిచ్చావురా?" అన్నాడు టైరు.

అన్నయ్య నా వైపు చూశాడు. ఏడాదిలో నన్ను నిజంగా చూడటం అదే మొదటిసారి. ఆ చూపులో బెదిరింపు లేదు, బూట్ల తాడు ముడి పడనప్పుడు అమ్మ వైపు చూసి ఉంటాడే, ఆ చూపది. నేను ట్రే చూశాను. కప్పు అంచుకి బిస్కెట్ పొడి అంటుకుంది. దాన్నే చూశాను. ముందు పళ్ళు బిగించాను, తర్వాత నా చులకననంతా పోగుచేసి గొంతుకి అడ్డం పెట్టాను, ఇతని మీదది, లిఫ్టు మీదది, అన్నిటికన్నా ఎక్కువ నా మీదది. ఈ గది ఇంత నిశ్శబ్దంగా ఉండటం ముందుగదిలో నానమ్మకి కూడా వినపడి ఉంటుంది.

"ఏరా, మర ఆగిందేం?" అని కేకేసింది నానమ్మ. "పిండి అయిపోయిందా? డబ్బాకి మూత పెట్టించండి, పురుగు పడుతుంది!"

మూడు మెట్లు. ఊపిరి. రెండు మెట్లు.

వెంటనే చెయ్యి అడ్డం పెట్టుకున్నాను, ట్రే ఒరిగింది, ఒక కప్పు దొర్లి బిస్కెట్లన్నీ తడిశాయి. చెవులాయన పెన్సిలు చెవి వెనకనుంచి తీశాడు, గాల్లో మూడుసార్లు పైకి, రెండుసార్లు కిందికి కదిపాడు. మళ్ళీ అదే, ఈసారి దానికి రెట్టింపు వేగంతో కదిపాడు. లేచి మూలకి వెళ్ళాడు, టేపు మిషన్ ముందు వంగాడు, ఎర్ర స్టిక్కరుని చదువుకున్నాడు, గోటితో ఒక చివర లేపి ఒలిచాడు. లివరు కిందికి లాగాడు. టక్. పైకి నెట్టాడు. టక్. చెడిపోయిన వస్తువు అంత హాయిగా కదలదు. "ఓ" అన్నాడు లిఫ్టు, మిగతావాళ్ళకి అర్థమయ్యాక అతనికి అర్థమయ్యేది ఎప్పుడూ ఆ మాత్రమే. అన్నయ్య ప్లాస్టరు ఒక చుట్టు విప్పి, మళ్ళీ చుట్టుకుంటున్నాడు.

నేను టైరు మొహం చూడలేకపోయాను. చేతులు చూశాను. కర్రలు రెండూ డ్రమ్ము మీద పక్కపక్కనే, ఎక్కడివి అక్కడ, సర్దిపెట్టాడు. అరచేతులు తిప్పి చూసుకున్నాడు, అక్కడ ఏదో రాసిపెట్టుకుని మరిచిపోయినట్టు. తర్వాత లేచాడు. నన్ను తిడతాడనుకున్నాను, తిడితే బాగుండును. మొదటిసారి నాకు ఆ గదిలోనే ఉండాలనిపించింది, అతనితో చెప్పాలనిపించింది, మెల్లగా వాయించినప్పుడు అది చాలా బాగుండేది టైరన్నా, మూడు వారాలు నేను విన్నాను, నువ్వు వినలేదు కానీ, అని. నోరు తెరిచాను కూడా. అతను నా దగ్గరకి వచ్చి, ఒరిగిన ట్రేని రెండు చేతులతో సరిచేసి, నన్ను భుజం పట్టి మెల్లగా గుమ్మం అవతలికి తిప్పాడు.

"టీ చల్లారిపోయింది చెల్లెమ్మా. వేడి చేసి తీసుకురా" అని, పరుపు కొట్టిన ఆ తలుపు నా మీద వేసేశాడు.